అమెరికా గోధుమలు ఊరికే వచ్చాయా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కమ్యూనిజాన్ని ఆపడానికి అమెరికా ఇచ్చిన విదేశీ సాయం గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒక్కరి ఉత్తరమే తీసుకున్నాం.

*ప్రశ్న: గ్రూప్-1కు చదువుతున్నాను. ట్రూమన్ సిద్ధాంతం, మార్షల్ ప్రణాళిక ఒకటేనా? మార్షల్ ప్రణాళికలో డబ్బు అసలు ఎలా చేతులు మారింది? ఏ పుస్తకంలోనూ అర్థమయ్యేలా లేదు. (కరీంనగర్ పాఠకుడు)*

ఒకటి కాదు. అధ్యక్షుడు ట్రూమన్ 1947 మార్చి 12న అమెరికా కాంగ్రెస్ ముందు అడిగింది గ్రీసు, టర్కీల కోసం 40 కోట్ల డాలర్లు. గ్రీసులో కమ్యూనిస్టు గెరిల్లాలతో అంతర్యుద్ధం సాగుతోంది. అక్కడి ప్రభుత్వాన్ని అంతవరకూ మోస్తూ వచ్చిన బ్రిటన్ ఇక మావల్ల కాదని చేతులెత్తేసింది. ఆ 40 కోట్లలో సైనిక సాయమే ప్రధానం. అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ అదే ఏడాది జూన్ 5న హార్వర్డ్‌లో ప్రకటించిన ప్రణాళిక వెనుక లెక్క వేరు. ఆకలి, నిరుద్యోగం ఉన్నచోట ఫ్రాన్సు, ఇటలీలలో కమ్యూనిస్టులు ఓట్లతోనే గెలుస్తారు, తుపాకి అక్కర్లేదు. కాబట్టి ఫ్యాక్టరీలు నడవాలి, రొట్టె దొరకాలి. చట్టం 1948 ఏప్రిల్ 3న అయింది. 1951 చివరికి 1,300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యాయి. బ్రిటన్‌కు సుమారు 320 కోట్లు, ఇటలీకి 150 కోట్లు, పశ్చిమ జర్మనీకి 140 కోట్లు అందాయి.

ఇక డబ్బు మాట. అమెరికా డాలర్ల సంచులు మోసుకెళ్లి ఐరోపావాళ్ల చేతిలో పెట్టలేదు. ఒక ఫ్రెంచి పిండిమిల్లుకు అమెరికా గోధుమలు కావాలనుకోండి. అమెరికాలో అమ్మినవాడికి అమెరికా ప్రభుత్వమే డాలర్లు కట్టేస్తుంది. మిల్లు యజమాని మాత్రం సరుకు ధర ఫ్రాంకుల్లో తన ప్రభుత్వానికి కట్టాలి. ఆ ఫ్రాంకులు ఒక ప్రత్యేక ఖాతాలో జమవుతాయి. దీన్నే కౌంటర్‌పార్ట్ నిధి అన్నారు. ఆ ఖాతాలో 5 శాతం అమెరికాది, మిగతా 95 శాతం ఆ దేశానిదే. కానీ అమెరికా ఒప్పుకున్న పనికే తీయాలి. కీలకం ఇక్కడే ఉంది. ఒకే డాలరు రెండు పనులు చేస్తుంది: ముందు సరుకుగా వస్తుంది, తర్వాత దేశం లోపలి పెట్టుబడిగా మారుతుంది. ఆ రెండో పని మీద దాతకు ఒక చెయ్యి మిగిలే ఉంటుంది. బ్రిటన్ తన నిధిలో అధిక భాగాన్ని పాత అప్పు తీర్చడానికి వాడింది. ఫ్రాన్సు విద్యుత్తు, బొగ్గు, రైళ్లలో పెట్టింది. జర్మనీవాళ్లు దాన్ని తిరిగి వసూలయ్యే అప్పులుగా ఇచ్చారు, అందుకే ఆ మూలధనం ఈనాటికీ తిరుగుతూనే ఉంది.

జవాబు పత్రాల్లో తరచూ కనబడే తప్పు ఒకటి: "సోవియట్ యూనియన్‌ను పిలవలేదు" అని రాస్తారు. పిలిచారు. సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ పారిస్ దాకా వచ్చి, 1947 జూలై 2న లేచి వెళ్లిపోయాడు. చెకొస్లొవేకియా మొదట సరేనని, స్టాలిన్ ఒత్తిడికి వెనక్కి తగ్గింది. మరుసటి ఫిబ్రవరిలో అక్కడ కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకోవడమే అమెరికా కాంగ్రెస్‌లో ఊగిసలాడుతున్న ఓట్లను మార్షల్ వైపు తిప్పింది. సాయాన్ని బాహాటంగా ఎన్నికల ఆయుధం చేసిన సందర్భం కావాలంటే ఇటలీ రాయండి. 1948 ఏప్రిల్ 18 ఎన్నికలకు కొన్ని వారాల ముందు, కమ్యూనిస్టులు గెలిస్తే సాయం ఆగిపోతుందని మార్షల్ స్వయంగా ప్రకటించాడు.

*ప్రశ్న: పీఎల్ 480 గోధుమలను మా తాతగారు "అమెరికావాడు దానం చేశాడు" అంటారు. మా మావయ్య "రూపాయి రూపాయి లెక్కకట్టి కొన్నాం" అంటాడు. ఎవరిది నిజం? (తణుకు పాఠకురాలు)*

ఇద్దరిదీ సగం సగం నిజం. జవాబు కాస్త పొడుగే.

పీఎల్ 480 (పబ్లిక్ లా 480) అంటే 1954 జూలై 10న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం. దాని పూర్తి పేరులో ఉన్నది వ్యవసాయ వాణిజ్యం. కమ్యూనిజం పేరే లేదు. అమెరికా గోదాముల్లో మూలుగుతున్న మిగులు గోధుమల్ని వదిలించుకోవాలి, అక్కడి రైతుకు ధర పడిపోకూడదు. ఈ రెండు అవసరాలకు మూడోది తోడయింది. ఆకలితో ఉన్న పెద్ద దేశం ఏదీ మాస్కో వైపు చూడకూడదు. చైనా అప్పటికే కమ్యూనిస్టుల చేతిలోకి పోయిందన్న బాధ వాషింగ్టన్‌లో పచ్చిగానే ఉంది. మనతో మొదటి ఒప్పందం 1956 ఆగస్టు 29న కుదిరింది. అన్నిటికంటే పెద్దది 1960 మే 4 నాటిది: నాలుగేళ్లలో 1.6 కోట్ల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం.

లెక్క ఇలా నడిచేది. ధర సులువుగా ఉండాలని టన్ను 60 డాలర్లు అనుకుందాం, ఓడలో 10,000 టన్నులు. అమెరికా వ్యాపారికి 6 లక్షల డాలర్లు అమెరికా ప్రభుత్వ సంస్థ కట్టేసింది. మనం దానికి సమానంగా, అప్పటి 4.76 రేటు ప్రకారం 28.56 లక్షల రూపాయలు మన దేశంలోనే అమెరికా ఖాతాలో వేశాం. ఆ రోజుల్లో మనకు కరువు డాలర్లకు, రూపాయలకు కాదు. దానమన్న తాతగారి మాట ఇక్కడ నిలుస్తుంది: గింజల ధరకు పైసా విదేశీ మారకం కట్టకుండా ఓడ నిండా తిండిగింజలు వచ్చాయి. జమ అయిన రూపాయల్లో అధిక భాగం మన ప్రభుత్వానికే అప్పుగానో గ్రాంటుగానో తిరిగొచ్చి ప్రణాళిక ఖర్చుల్లో కలిసింది. కొంత అమెరికా రాయబార కార్యాలయం ఖర్చులకు పోయింది. ఇంకొంత "కూలీ రుణాలు" పేరిట ప్రైవేటు కంపెనీలకు అప్పుగా వెళ్లింది. ఆ పేరు దాన్ని ప్రతిపాదించిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడిది, రోజు కూలీతో సంబంధం లేదు.

మావయ్య మాట నిలిచేచోటు మరొకటి. కనీసం సగం సరుకు అమెరికా జెండా ఓడల్లోనే రావాలని అక్కడి చట్టం చెప్పేది, ఆ ఓడల కిరాయి ప్రపంచ ధర కంటే ఎక్కువ. పైగా అప్పుగా తిరిగొచ్చిన రూపాయల మీద వడ్డీ మళ్లీ అమెరికా ఖాతాలోకే చేరేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఖాతా పుట్టలా పెరిగింది. దేశంలో చలామణీ అయ్యే డబ్బులో ఇంత వాటా పరాయి ప్రభుత్వం చేతిలో ఉంటే ఎలాగన్న భయం పార్లమెంటులో వినబడింది. నిజానికి ఆ భయం కాస్త అతి. దేశానికి అసలు లాభం గోధుమల రూపంలో ముందే వచ్చేసింది, ఖాతాలో ఉన్నవి కాగితం మీది హక్కులే. అవన్నీ ఒక్కసారిగా ఖర్చు పెడితే ధరలు మండిపోతాయని అమెరికావాళ్లకూ తెలుసు. చివరికి 1974 ఫిబ్రవరిలో రాయబారి మొయినిహాన్ ఒకే చెక్కు మీద 1,664 కోట్ల రూపాయలు భారత ప్రభుత్వానికి తిరిగి రాసిచ్చాడు. డాలర్లలో 200 కోట్లకు పైగా. అంత పెద్ద చెక్కు అంతకు ముందు ఎవరూ రాయలేదంటారు.

దెబ్బ తగిలింది రైతుకు. రేషన్ షాపులో చౌక గోధుమలు దొరుకుతుంటే స్వదేశీ ధాన్యానికి ధర ఎందుకు పలుకుతుంది? చవక దిగుమతులు పేద దేశాల సేద్యాన్ని కుంగదీస్తాయని అర్థశాస్త్రవేత్త షుల్ట్జ్ 1960లోనే హెచ్చరించాడు. మన ప్రణాళికాకర్తలకు మాత్రం ఆ గోధుమలు హాయిగానే ఉన్నాయి. తిండి ఓడలో వస్తోంది కదా, పెట్టుబడిని ఉక్కు వైపు మళ్లించవచ్చు అనుకున్నారు.

*ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమల ఓడలు ఆపేశాడంటారు. నిజంగా ఆపాడా, బెదిరించాడా? (గుంటూరు పాఠకుడు)*

పూర్తిగా ఆపలేదు, తాడు పొట్టిగా పట్టుకున్నాడు. పాత ఒప్పందం 1965లో ముగిశాక కొత్తగా దీర్ఘకాల ఒప్పందం చేసుకోలేదు. నెలకో రెండు నెలలకో సరిపడా సరుకు తానే సంతకం పెట్టి వదిలేవాడు. కారణాలు రెండు. వ్యవసాయాన్ని గాలికి వదిలేశారని ఆయనకు కోపం, అందులో న్యాయం ఉంది. వియత్నాంలో అమెరికా బాంబుదాడుల్ని మన ప్రభుత్వం విమర్శించడం రెండోది, అందులో న్యాయం లేదు. సమయం కూడా ఘోరం. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న మన తిండిగింజల దిగుబడి కరువుతో మరుసటి ఏడాది 7.2 కోట్లకు పడిపోయింది. 1966లో కోటి టన్నులకు పైగా దిగుమతి చేసుకున్నాం. "ఓడ నుంచి నోటికి" అన్న మాట అప్పుడు వాడుకలోకి వచ్చింది. రేవులో దిగిన సరుకు గోదాం ముఖం చూడకుండా నేరుగా రేషన్ షాపుకు పోయేది.

ఈ పొట్టి తాడు ఏం సాధించింది? 1965 నవంబరులో రోమ్‌లో మన వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం, అమెరికా వ్యవసాయ కార్యదర్శి ఫ్రీమన్ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఎరువులకు, విత్తనాలకు, మద్దతు ధరకు ఎక్కువ డబ్బు పెడతామని మనవైపు మాట. సుబ్రహ్మణ్యం చేయాలనుకున్నవే అందులో చాలావరకు ఉన్నాయి. మంత్రివర్గంలో ఒప్పుకోనివాళ్ల మీదికి ఆయనకు అదొక అదనపు కర్రయింది. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టిరకం గోధుమ విత్తనం తెప్పించారు. అదే ఏడాది జూన్ 6న రూపాయి విలువ డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించారు. పై లెక్కలోని ఓడకే ఇప్పుడు 45 లక్షల రూపాయలు జమ చేయాలి. విలువ తగ్గిస్తే వస్తుందన్న సాయం అనుకున్నంత రాలేదు. ఆ మంట ఢిల్లీలో చాలాకాలం ఆరలేదు. సాయాన్ని బిగించి పట్టుకుంటే విధానం మారవచ్చు గానీ స్నేహం మిగలదు. వియత్నాం మీద ఢిల్లీ మాట చివరిదాకా మారలేదు.

*ప్రశ్న: బ్లాకులు, బీడీఓలు, గ్రామసేవకులు తెలంగాణ సాయుధ పోరాటానికి అమెరికా వేసిన మందు అని ఒక ఉపన్యాసంలో విన్నాను. (సూర్యాపేట పాఠకుడు)*

గీత అంత తిన్నగా లేదు, అలాగని మాట పూర్తిగా తప్పూ కాదు. సామాజికాభివృద్ధి పథకానికి మూలం 1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో అమెరికన్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ మేయర్ చేసిన ప్రయోగం. 1951 అక్టోబరులో ఇక్కడ పోరాట విరమణ జరిగింది. ఆ శరదృతువులోనే చెస్టర్ బౌల్స్ అమెరికా రాయబారిగా ఢిల్లీ వచ్చాడు. కొద్ది నెలలకే మొదటి సాధారణ ఎన్నికలు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. పల్లెల్లో మార్పు రాకపోతే చైనా దారే గతి అని బౌల్స్ తన పై అధికారులకు పదే పదే వాదించాడు, ఇందులో దాపరికం లేదు. 1952 జనవరి 5న ఒప్పందం, అదే ఏడాది అక్టోబరు 2న దేశమంతటా 55 ప్రాజెక్టులు. ఒక్కో ప్రాజెక్టులో సుమారు 300 ఊళ్లు, 2 లక్షల జనం. మూడేసి బ్లాకులు. ఐదు నుంచి పది ఊళ్లకు ఒక గ్రామసేవకుడు.

లోపం ఎక్కడ వచ్చింది? గ్రామసేవకుడికి ఎరువు, విత్తనం, బావి అప్పు, పశువుల టీకా, మరుగుదొడ్డి, వయోజన విద్య అన్నీ అప్పగించారు. ఒక్క భూమి మాత్రం అప్పగించలేదు. అప్పు పుట్టాలంటే పట్టా ఉండాలి, కౌలుదారుకు అది లేదు. దాంతో ఎరువు బస్తాలు ఊళ్లో ముందునుంచీ భూమి ఉన్నవాళ్ల గడపలకే చేరాయి. తెలంగాణలో తిరుగుబాటు వచ్చింది వెట్టి మీద, బేదఖలు (సాగుభూమి నుంచి వెళ్లగొట్టడం) మీద. మరుగుదొడ్ల మీద కాదు.

తైవాన్‌లో ఇదే అమెరికా సొమ్ము వేరేలా పనిచేసింది. అక్కడ 1949లో కౌలును పంటలో 37.5 శాతానికి మించకుండా కట్టేశారు. 1953లో దున్నేవాడికే భూమి ఇచ్చారు. సాయం ఆ తర్వాత ఎరువుగా, విత్తనంగా రైతు చేతికి చేరింది. చైనా నుంచి పారిపోయి వచ్చిన ప్రభుత్వానికి అక్కడి భూస్వాములతో చుట్టరికం లేదు, వాళ్ల భూమికి కోత పెట్టడం సులువైంది. జపాన్ భూసంస్కరణల్లో పనిచేసిన ఉల్ఫ్ లడెజిన్‌స్కీ 1952లో మన దేశానికి కూడా వచ్చి, కౌలు మార్చకుండా మిగతావి చేస్తే నిలవవని చెప్పాడు. 1954 చివర్లో అమెరికా వ్యవసాయ శాఖ ఆయన్ను దేశభద్రతకు ముప్పు అంటూ తీసేసింది! కమ్యూనిజానికి విరుగుడుగా భూమి పంచమన్న మనిషికి దక్కిన ఫలం అది. కొద్ది వారాలకే మరో అమెరికా శాఖ ఆయన్ను వియత్నాం పంపింది.

*ప్రశ్న: సాయం పూర్తిగా బెడిసికొట్టిన దేశం ఏది? (విశాఖపట్నం పాఠకుడు)*

లావోస్. 1950ల నడుమ అక్కడి సైన్యం జీతాలు దాదాపుగా అమెరికా సొమ్ముతోనే నడిచేవి. అధికారిక మారకం డాలరుకు 35 కిప్‌లు, బజారులో 100 దాకా. దిగుమతి లైసెన్సు చేజిక్కించుకున్నవాడు 35 కిప్‌లకు ఒక డాలరు కొని, సరుకు తెప్పించకుండానే ఆ డాలరును బయట అమ్మితే దాదాపు మూడింతలు. కార్లు, విలాస వస్తువులు రాజధానిలో దిగాయి. పల్లెకు ఏమీ దిగలేదు. 1958 ఎన్నికల్లో కమ్యూనిస్టు అనుకూలురు గెలుపొందాక గానీ రేటును 80కి సరిచేయలేదు. దక్షిణ వియత్నాంలోనూ సరుకుల దిగుమతి ద్వారానే సాయం పోసి, నగరాల్లో మధ్యతరగతిని కొన్నారు. యుద్ధం మాత్రం వరిమళ్లలో జరిగింది. మారకం రేటు తప్పుగా ఉన్నచోట ఎంత సాయం పోసినా అది లైసెన్సుల వ్యాపారమే అవుతుంది.

*ప్రశ్న: రష్యా కూడా ఇచ్చింది కదా? (హైదరాబాద్ పాఠకురాలు)*

ఇచ్చింది, తెలివిగా ఇచ్చింది. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి 1955లో 2.5 శాతం వడ్డీ, 12 వాయిదాలు, రూపాయల్లో చెల్లింపు. అమెరికా సాయం పోటీలో తడబడింది బొకారోలో. ప్రభుత్వ రంగ ఉక్కుకు డబ్బివ్వడమేమిటని 1963లో అక్కడి కాంగ్రెస్ అడ్డం తిరిగింది. అడగడం మన ప్రభుత్వమే మానుకుంది. 1965లో సోవియట్‌లు ఆ పని అందుకున్నారు. హైదరాబాద్‌లో బాలానగర్ ఐడీపీఎల్ (ప్రభుత్వ మందుల కర్మాగారం) వాళ్ల సాయంతో వచ్చిందే. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత ఈ నగరంలో ప్రైవేటు మందుల కంపెనీలు పెట్టారు. మాస్కో సొమ్ముకు పుట్టిన పెట్టుబడిదారులన్నమాట.

*ప్రశ్న: మా బడిలో పెట్టిన ఉప్మా కూడా ఇదేనా? (ఏలూరు పాఠకుడు)*

అదే చట్టం, వేరే అధ్యాయం. రూపాయలకు అమ్మిన గోధుమలది మొదటి అధ్యాయం. కేర్ వంటి స్వచ్ఛంద సేవాసంస్థల ద్వారా వచ్చిన గోధుమ రవ్వ, పాలపొడి, నూనె డబ్బాలు మాత్రం నిజంగా దానమే. డబ్బా మీద కరచాలనం బొమ్మ, అమ్మకూడదు మార్చకూడదు అన్న ముద్ర ఉండేవి. పిల్లవాడికి కమ్యూనిజం గొడవ తెలియదు, ఆ బొమ్మ మాత్రం గుర్తుంటుంది. ముద్ర వేసినవాళ్ల ఉద్దేశమూ అంతే.

*ప్రశ్న: అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు పుస్తకాల మీద పీఎల్ 480 అని ఎందుకు ఉంటుంది? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)*

గోధుమలు అమ్మిన రూపాయలతో కొన్నవి కాబట్టి. ఆ రూపాయల్ని డాలర్లుగా మార్చి తీసుకెళ్లే వీలు లేదు, ఇక్కడే ఖర్చు పెట్టాలి. 1958లో చట్టానికి ఒక సవరణ తెచ్చి పుస్తకాలు కొనవచ్చన్నారు. 1962లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం (లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్) ఢిల్లీలో కార్యాలయం తెరిచి, మన భాషల్లో అచ్చయిన పుస్తకాలను పలు ప్రతులు కొని తమ దేశంలోని గ్రంథాలయాలకు పంచింది. ప్రత్యర్థి ప్రపంచాన్ని, తటస్థ ప్రపంచాన్ని చదివి తెలుసుకోవాలన్న ప్రచ్ఛన్నయుద్ధపు ఆత్రం దీని వెనుక ఉంది. చికాగో, మాడిసన్‌ల వంటి చోట్ల తెలుగు విభాగాలకు ఆ అలమరలే పునాది. మన ఊరి గ్రంథాలయంలో చెదలు తిన్న నవల అక్కడ దొరకడం అందువల్లే. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో వచ్చిన అమెరికన్ అధ్యయన కేంద్రానికీ ఈ రూపాయలే ఆధారం. అదే ఏడాది ఏర్పడిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయపు అధ్యాపకులు వచ్చి పనిచేసింది కూడా అమెరికా సాయం కిందే.

*ప్రశ్న: వయ్యారిభామ కలుపు పీఎల్ 480 గోధుమలతోనే వచ్చిందా? మా చేలో ఎలా వదిలించుకోవాలి? (మహబూబ్‌నగర్ రైతు)*

అందరూ అదే అంటారు గానీ తేదీలు కలవవు. పుణేలో దీన్ని గుర్తించింది 1955లో, పీఎల్ 480 తొలి ఒప్పందం 1956లో. అంతకు ముందు 1951 అప్పు కింద వచ్చిన అమెరికా గోధుమల్లో గింజలు ఉండి ఉండవచ్చు. అయితే సామర్లకోటలో ఏళ్లపాటు మొక్కలు సేకరించిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1814 నాటి జాబితాలోనే ఈ మొక్క పేరుంది. దిగుమతి గింజలు కొత్త విత్తనం తెచ్చి వ్యాప్తి పెంచి ఉంటాయి, తొలిసారి తెచ్చింది మాత్రం అవే అనలేం.

వదిలించుకోవడానికి వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేళ్లతో సహా పీకండి. పూత వచ్చాక పీకితే ఒక్కో మొక్క వేల గింజలు రాల్చి పోతుంది. కొడవలితో కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, చర్మంపై దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి. పూతకు ముందు పీకినదాన్ని కంపోస్టు గుంతలో వేయవచ్చు, పూసినదాన్ని వేయకండి. దీన్నే తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో ఆ పురుగు మీ గట్ల మీద ఆకులు తింటూ కనబడితే అక్కడ మందు కొట్టకండి.